ఇయాగో పగకు కారణమేంటి? ‘ఒథెల్లో’లో విలన్ ఉద్దేశాన్నీ వర్ణద్వేషాన్నీ తూచే పద్ధతి

షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ మీద పరీక్షలోనైనా, చర్చలోనైనా తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: ఇయాగో ఇదంతా ఎందుకు చేశాడు? ప్రమోషన్ రాలేదనా, పెళ్లాం మీద అనుమానంతోనా, ఒథెల్లో నల్లవాడనా? చాలామంది ఈ మూడింట్లో ఒకటి పట్టుకుని, దానికి నాలుగు కొటేషన్లు తగిలించి, మిగతా రెండింటినీ వదిలేస్తారు. ఇంకొందరు ‘అన్నీ కారణాలే’ అని చేతులు దులుపుకుంటారు. ఎలా చేసినా నాటకం చేజారిపోతుంది.

ఇక్కడ రెండు ప్రశ్నల్ని విడదీసి చూద్దాం. ఇయాగో ఎందుకు చేశాడన్నది ఒకటి. దేన్ని పనిముట్టుగా వాడుకున్నాడన్నది ఇంకొకటి. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను: రంగు మీది ద్వేషమే అతని పగకు మూలమని నాటకం రుజువు చేయదు. కానీ అతని చేతిలో అన్నిటికంటే బాగా పనిచేసిన ఆయుధం అదే. ఆ ఆయుధం చేతికి అంత అలవాటుగా ఉండటం కూడా అతని నేరంలో భాగమే. మీరు ఒప్పుకోనక్కర్లేదు. కింది మెట్లు ఒక్కొక్కటే ఎక్కితే మీ తీర్పుకు మీ ఆధారాలు మీకే దొరుకుతాయి.

కథ మరిచిపోయినవారి కోసం క్లుప్తంగా. వెనిస్ రాజ్యానికి సేనాని అయిన మూర్ జాతీయుడు (అంటే ఆఫ్రికా మూలాలున్న నల్లవాడు) ఒథెల్లో, సెనేటర్ బ్రబాన్షియో కూతురు డెస్డిమోనాని రహస్యంగా పెళ్లాడతాడు. తన కింద జెండా అధికారిగా ఉన్న ఇయాగోని కాదని కాసియోని లెఫ్టినెంట్‌గా పెట్టుకుంటాడు. సైప్రస్ చేరాక, డెస్డిమోనా రుమాలును కాసియో గదిలో పడేసి, ఆమెకి కాసియోతో సంబంధం ఉందని ఇయాగో ఒథెల్లోని నమ్మిస్తాడు. ఒథెల్లో భార్యను చంపి, నిజం తెలిశాక తనను తాను పొడుచుకుంటాడు.

మొదటి మెట్టు: మీ చేతిలో ఉన్నది ఏ పాఠం?

ఇది పండితుల గోల అనుకోకండి. 1604 నవంబర్ 1న లండన్ వైట్‌హాల్ రాజభవనంలో ఈ నాటకం ఆడినట్టు రికార్డు ఉంది. అచ్చు మాత్రం 1622లో క్వార్టోగా (ఈ ఒక్క నాటకమే ఉన్న చిన్న పుస్తకం) ఒకసారి, 1623లో ఫోలియోలో (షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సంపుటం) ఇంకోసారి అయింది. ఫోలియోలో సుమారు 160 పంక్తులు ఎక్కువ. ఆ ఎక్కువైన పంక్తుల్లోనే మన విషయానికి అవసరమైనవి కొన్ని ఉన్నాయి. ‘కామాంధుడైన మూర్ మొరటు కౌగిట్లోకి’ నీ కూతురు వెళ్లిందని, డెస్డిమోనా మీద ఆశపడ్డ రోడరిగో బ్రబాన్షియోకి చెప్పే భాగం, మగవాళ్ల తప్పుల వల్లే ఆడవాళ్లు తప్పుతారని ఇయాగో భార్య ఎమీలియా వాదించే మాటలు, మసిబారిపోయిన పేరుని ఒథెల్లో తన నల్లని ముఖంతో పోల్చుకునే మాట, ఇవేవీ 1622 ప్రతిలో లేవు. ఇప్పటి ఎడిషన్లు రెండింటినీ కలిపి ఇస్తాయి. వాటిలో పేజీ అడుగున ఇచ్చిన నోట్స్ చదివే అలవాటు చేసుకుంటే ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. సంక్షిప్త ప్రతి, గైడు పుస్తకం రెండూ ఈ పనికి పనికిరావు.

రెండో మెట్టు: కారణాల జాబితా, పక్కన ‘ఎవరితో చెప్పాడు’ అనే గడి

నోట్‌బుక్‌లో ఇయాగో చెప్పిన ప్రతి కారణాన్నీ రాయండి. దాని పక్కనే, ఆ మాట ఎవరితో అన్నాడో రాయండి. అసలు కిటుకంతా ఈ రెండో గడిలోనే ఉంది.

ప్రమోషన్ సంగతి చూడండి. నగరంలో ముగ్గురు పెద్దమనుషులు తన కోసం సిఫార్సు చేశారనీ, ఒథెల్లో మాత్రం యుద్ధం పుస్తకాల్లో తప్ప చూడని లెక్కలమాస్టారు కాసియోకి ఉద్యోగం ఇచ్చాడనీ ఇయాగో మొదటి రంగంలో వాపోతాడు. ఎవరి దగ్గర? రోడరిగో దగ్గర. డెస్డిమోనాని ఇప్పిస్తానని నమ్మించి అతని డబ్బు గుంజుతున్నాడు. ‘మూర్ అంటే నీకు ద్వేషమన్నావు కదా’ అని రోడరిగో నిలదీస్తే, దానికి జవాబుగా ఈ కథ వస్తుంది. అంటే కస్టమర్ అనుమానం తీర్చడానికి చెప్పిన మాట. ఆ ముగ్గురు పెద్దమనుషుల ఊసు నాటకంలో మళ్లీ ఎవరూ ఎత్తరు. మొదటి అంకం చివర ఒంటరిగా మాట్లాడుకునేటప్పుడు కాసియో పదవి కొట్టేయాలని అంటాడు గానీ, అన్యాయం జరిగిందన్న బాధ అక్కడ వినిపించదు.

భార్య మీది అనుమానం స్వగతంలో వస్తుంది. ఒథెల్లో తన పక్కలో దూరాడని జనం అనుకుంటున్నారట. నిజమో కాదో తెలియదు, అయినా నిజమన్నట్టే నడుచుకుంటానంటాడు. రెండో అంకం మొదటి రంగంలో ఆ అనుమానం విషంలా లోపల కొరుకుతోందని చెబుతాడు. అదే గుక్కలో కాసియో మీద కూడా అదే అనుమానం ఉందంటాడు. డెస్డిమోనా అంటే తనకూ ఇష్టమేనని మరో మాట. చివరి అంకంలో ఇంకోటి: కాసియో బతుకులో రోజూ కనిపించే అందం తనను వికారంగా చేస్తోందట. రోడరిగో నగలు తిరిగి ఇవ్వాల్సి వస్తుందన్న డబ్బు లెక్క కూడా అక్కడే ఉంది.

ఇన్ని కారణాలు చెప్పేవాడిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇంగ్లిష్ కవి, విమర్శకుడు కోల్‌రిడ్జ్ దీన్నే ‘కారణం లేని దుర్మార్గం కారణాల కోసం వెతుక్కోవడం’ అన్నాడు. ఆ మాట అందరికీ కంఠతా. దాన్ని వెంటనే నెత్తిన పెట్టుకోకుండా తర్వాతి మెట్టు ఎక్కండి.

మూడో మెట్టు: ప్రతి కారణానికీ రెండు పరీక్షలు

ఒకటి, ఇయాగో కాకుండా ఇంకెవరైనా దీన్ని బలపరిచారా? రెండు, కోరింది దక్కాక అతను ఆగాడా?

ప్రమోషన్‌కి రెండో పరీక్ష పెట్టండి. మూడో అంకం మూడో రంగం చివర ఒథెల్లో ‘ఇక నువ్వే నా లెఫ్టినెంట్‌వి’ అంటాడు. పదవి వచ్చేసింది. ఇయాగో ఆగలేదు. కాబట్టి ప్రమోషన్ కోపం ఒక్కటే ఇదంతా చేయించిందంటే కుదరదు. అయితే తొందరపడకండి. అదే రంగంలో, కొద్దిసేపటి ముందు, నా భార్య కులట అని రుజువు చెయ్యి, లేకపోతే నీ అంతు చూస్తానని ఒథెల్లో అతని మీద విరుచుకుపడ్డాడు. అప్పటికే ఆగితే ప్రాణానికి ముప్పు. ‘మూర్ నా సంగతి కాసియోతో బయటపెట్టొచ్చు’ అని అయిదో అంకంలో అతనే ఒప్పుకుంటాడు. అంటే మొదలుపెట్టిన కారణం వేరు, కొనసాగించిన కారణం వేరు. పులి మీద స్వారీ లాంటిది. చాలా వ్యాసాలు ఈ తేడా చూడకుండా నాటకం మొత్తానికి ఒకే కారణం అంటగడతాయి.

ఇప్పుడు భార్య మీది అనుమానానికి మొదటి పరీక్ష. సాక్ష్యం నాలుగో అంకం రెండో రంగంలో ఉంది, అదీ ఎమీలియా నోటనే. ఒథెల్లోకి ఎవడో నీచుడు లేనిపోనివి చెప్పి ఉంటాడని ఆమె మండిపడుతుంది. అంతటితో ఊరుకోదు. మొగుడి వైపు తిరిగి, నాకూ మూర్‌కీ మధ్య ఏదో ఉందని నీ బుర్ర తిప్పింది కూడా ఇలాంటివాడే కదా అంటుంది. ‘నువ్వో తెలివితక్కువదానివి, పో’ అని ఇయాగో ఆమె నోరు మూయిస్తాడు. ఎమీలియాకి తన భర్తే ఆ నీచుడని అప్పటికి తెలియదు. ఆ మాటను బట్టి మనకు రెండు సంగతులు తెలుస్తాయి. అనుమానం ఇయాగో ప్రేక్షకుల కోసం అప్పటికప్పుడు అల్లింది కాదు, ఇంట్లో గొడవగా పాతదే. ఎమీలియా మాత్రం దాన్ని పచ్చి అబద్ధంగానే చూస్తోంది. నా లెక్కలో ఇయాగో కారణాల్లో బయటి సాక్ష్యం ఉన్నది దీనికే. కోల్‌రిడ్జ్ మాట ఇక్కడ బలహీనపడుతుంది.

నాలుగో మెట్టు: రంగు మాట ఎవరి నోట, ఎవరి చెవిలో

ఇక రెండో ప్రశ్నకి వద్దాం. నాటకం మొదటి రెండు రంగాల్లో ఒథెల్లో పేరు ఒక్కరూ పలకరు. ‘మూర్’ అంటారు, రోడరిగో ‘దళసరి పెదాలవాడు’ అంటాడు. పేరు మొదటిసారి మూడో రంగంలో వెనిస్ పాలకుడు డ్యూక్ నోట వస్తుంది, అదీ తుర్కుల మీదికి యుద్ధానికి పంపే అవసరం పడ్డప్పుడు. మనిషిని చూసేలోపే మనకు అతని గురించి ఒక బొమ్మ అందుతుంది. ఆ బొమ్మ గీసింది ఇయాగో.

బ్రబాన్షియో కిటికీ కింద చీకట్లో నిలబడి అతను అరిచేవి చూడండి: ముసలి నల్ల పొట్టేలు నీ తెల్ల గొర్రె మీద ఎక్కుతోంది, నీ కూతురు బార్బరీ (ఉత్తర ఆఫ్రికా) గుర్రం పాలవుతోంది, దెయ్యం నిన్ను తాతను చేస్తుంది. ఇంత బూతు మాట్లాడినవాడు పేరు చెప్పడు. రోడరిగోని ముందు పెట్టి తను జారుకుంటాడు. మరుసటి రంగంలో ఒథెల్లో పక్కన నమ్మకస్తుడిలా నిలబడి ఉంటాడు.

ఇప్పుడు అతని స్వగతాలు తెరవండి. ఒంటరిగా ఉన్నప్పుడు ‘మూర్’ అనే అంటాడు గానీ, ఆ గొర్రెలూ గుర్రాలూ పెద్దగా వినిపించవు. పైగా ఒథెల్లోది స్థిరమైన, ప్రేమగల, ఉదాత్తమైన స్వభావమని ఒప్పుకుంటాడు. రోడరిగోకి మాత్రం ‘ఈ మూర్లు మనసు మార్చేస్తుంటారు’ అని చెప్పి డబ్బు తెమ్మంటాడు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన రాసుకోండి. ఒకటి తను అనుకునేది, ఇంకోటి అమ్మేది. వర్ణద్వేషం అతనికి ప్రధానంగా పనిముట్టని నేననేది ఇందుకే.

కానీ ఇక్కడే నా వాదనకు ఎదురు తిరిగే ఒక మాట ఉంది, దాన్ని దాచకూడదు. భార్య మీది అనుమానం చెప్పే రెండో స్వగతంలో అతను ‘కామం నిండిన మూర్’ అంటాడు. అక్కడ వినేవాళ్లెవరూ లేరు, మోసం చేయాల్సిన అవసరమూ లేదు. నల్లవాళ్లు కాముకులన్న అప్పటి మూఢనమ్మకం అతని లోపల కూడా ఉందన్నమాట. అసలు ఏ ఆధారమూ లేని ఆ అనుమానం పుట్టిందే ఆ నమ్మకంలోంచి కావచ్చు. కానీ అదే అనుమానం కాసియో మీదా ఉంది కదా, అతను తెల్లవాడే అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఈ రెండు వాక్యాల మధ్య మీరెక్కడ నిలబడతారో అదే మీ వ్యాసానికి గుండెకాయ.

అయిదో మెట్టు: మాట చేతులు మారడం గమనించండి

సమయం తక్కువుంటే మిగతావన్నీ వదిలేసి ఈ ఒక్క పనీ చేయండి.

మొదటి అంకం మూడో రంగంలో బ్రబాన్షియో సభలో అంటాడు: ప్రకృతి ఇంత ఘోరంగా దారి తప్పడం మంత్రం వేస్తే తప్ప జరగదు. అంటే తెల్ల పిల్ల నల్లవాణ్ని ప్రేమించడం ప్రకృతి విరుద్ధం. వెళ్లిపోతూ అల్లుడితో ఇంకో ముక్క విసురుతాడు: తండ్రిని మోసం చేసింది, నిన్నూ చేయొచ్చు. ఒథెల్లో అప్పుడు లెక్కచేయడు. ఆమె నమ్మకం మీద ప్రాణం పెడతానంటాడు. ఇయాగో అక్కడే ఉన్నాడు. విన్నాడు.

మూడో అంకం మూడో రంగంలో అదే సరుకు బయటికి తీస్తాడు. నిన్ను పెళ్లాడటంలో తండ్రిని మోసం చేసిందిగా అని గుర్తుచేస్తాడు. ఒథెల్లో మెల్లగా తలాడిస్తాడు. కాసేపటికి అతని నోటి నుంచే వస్తుంది: ‘అయినా, ప్రకృతి దారి తప్పి...’. వాక్యం పూర్తి చేయడు. ఇయాగో మధ్యలోనే అందుకుంటాడు: అదీ అసలు సంగతి! తన దేశం, తన రంగు, తన అంతస్తు ఉన్న సంబంధాలెన్నో కాదనుకుంది, అది ప్రకృతి సహజమేనా? ఇయాగో వెళ్లాక ఒథెల్లో తనకు తానే చెప్పుకుంటాడు: బహుశా నేను నల్లవాణ్ని కాబట్టేమో, మాట నేర్పు లేదు కాబట్టేమో, వయసు మళ్లుతోంది కాబట్టేమో.

బ్రబాన్షియో మాటను ఇయాగో అందుకున్నాడు, చివరికి దాన్ని ఒథెల్లోనే పలికాడు. రుమాలు కంటే ముందే ఒథెల్లో ఓడిపోయింది ఇక్కడ. ఇయాగో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఒక పెద్దమనిషి నిండు సభలో అన్నదాన్నే చెవిలో మళ్లీ చెప్పాడు. అందుకే ‘ఇయాగో ఒక్కడే వర్ణద్వేషి’ అన్న తీర్పు నాకు చాలా తేలికగా అనిపిస్తుంది.

ఆరో మెట్టు: మంచివాళ్ల మాటలు కూడా వడగట్టండి

‘వాళ్ల నాన్నకు నేనంటే ఇష్టం, తరచూ ఇంటికి పిలిచేవాడు’ అని ఒథెల్లో సభలో చెబుతాడు. భోజనానికి పిలిచినవాడే, పెళ్లి అనగానే ‘ఆ మసి గుండెల మీదికా’ అని చీదరించుకున్నాడు. మన దగ్గర కంచం పొత్తు ఉన్నచోట మంచం పొత్తు కుదరదనే సామెత తీరు ఎరిగినవారికి బ్రబాన్షియోని విడమరిచి చెప్పక్కర్లేదు. డ్యూక్ ఒథెల్లోని మెచ్చుకునే తీరు చూడండి: మీ అల్లుడు నలుపు కంటే తెలుపే ఎక్కువట. పొగడ్తే, కానీ నలుపు చెడ్డదని ఒప్పుకున్నాకే కుదిరే పొగడ్త. డెస్డిమోనాని చంపింది తనేనని ఒథెల్లో ఒప్పుకోగానే ఎమీలియా కోపంలో ‘నువ్వు ఇంకా నల్లని దెయ్యానివి’ అని ఒథెల్లోని తిడుతుంది. ఆమె ఈ నాటకంలో అందరికంటే ధైర్యవంతురాలు, ఆమె నోటికి కూడా ముందుగా దొరికిన తిట్టు అదే.

కులానికీ దీనికీ పోలిక పెట్టే ముందు మాత్రం ఒక జాగ్రత్త. తాను రాజవంశానికి చెందినవాడినని ఒథెల్లో మొదటి అంకంలోనే చెబుతాడు. పుట్టుకలో అతను తక్కువవాడు కాదు. 2006లో వచ్చిన హిందీ సినిమా ‘ఓంకారా’ రంగు స్థానంలో కులాన్ని పెట్టి బాగా నడిపించింది, కానీ ఆ సినిమా చూసి నాటకానికి జవాబు రాస్తే లెక్క తప్పుతుంది.

ఏడో మెట్టు: కాలాన్ని పక్కన పెట్టుకోండి, కానీ సాకుగా వాడకండి

1596లోనే ఎలిజబెత్ రాణి ప్రభుత్వం లండన్‌లోని నల్లవాళ్లను దేశం నుంచి పంపించేయమని లేఖలు రాసింది. 1600లో మొరాకో రాయబారి లండన్ వచ్చి రాణితో మంతనాలు జరిపాడు, అతని చిత్రపటం ఇప్పటికీ ఉంది. ఒకే నగరంలో ఒక మూర్ రాజ అతిథి, వేరే నల్లవాళ్లు గెంటేయాల్సినవాళ్లు. ఒథెల్లో బతుకు సరిగ్గా ఈ రెండింటి మధ్యే నలిగింది.

మూలకథ కూడా చూడాలి. ఇటలీ రచయిత చింథియో 1565లో అచ్చేసిన కథలో జెండా అధికారికి కారణం సూటిగా ఉంటుంది: డెస్డిమోనాని ప్రేమించాడు, ఆమె పట్టించుకోలేదు, పగబట్టాడు. షేక్‌స్పియర్ ఆ ఒక్క కారణాన్ని దాదాపు తీసేసి, దాని చోట అరడజను గుప్పించాడు. పొరపాటున జరిగిందని నేననుకోను. ఇంకో మార్పు మరింత ముఖ్యం. చింథియో కథలో, మూర్లు చిన్నదానికే మండిపడే జాతి అనీ, స్వభావంలోనూ బతుకు తీరులోనూ వేరైన మగవాణ్ని చేసుకోకూడదనీ డెస్డిమోనాయే అంటుంది. షేక్‌స్పియర్ డెస్డిమోనా అలా ఎక్కడా పశ్చాత్తాపపడదు. ఆ రకం మాటలు నాటకంలో బ్రబాన్షియోకీ ఇయాగోకీ వెళ్లిపోయాయి. నాటకం వర్ణద్వేషంతో నిండిందా, వర్ణద్వేషాన్ని చూపిస్తోందా అన్న చర్చకు ఇంతకంటే గట్టి ఆధారం నాకు కనబడలేదు.

అయినా అవతలి పక్షాన్నీ వినాలి. నల్లవాడైన సేనాని చివరికి నురగలు కక్కుతూ మూర్ఛపోయి, భార్యను చంపేవాడే అవుతాడు కదా, ఆ పాత నమ్మకం నిజమైనట్టే కదా అన్నది చిన్న ఆక్షేపణ కాదు. ఆ పాత్ర పోషించిన నల్లజాతి నటుడు హ్యూ క్వార్షీయే, తమలాంటివాళ్లు ఈ వేషం వేయకపోవడమే మంచిదేమోనని ఒకప్పుడు వాదించాడు.

ఎనిమిదో మెట్టు: విమర్శకుల్ని కూడా తూచండి

1693లో థామస్ రైమర్ ఈ నాటకాన్ని రుమాలు గోల అని ఎగతాళి చేశాడు. ఇంట్లో చెప్పకుండా నల్లవాళ్లతో లేచిపోకూడదన్నదే ఇందులో నీతి అని వెక్కిరించాడు. కోల్‌రిడ్జ్ ఇంకా ఆసక్తికరం. ఇయాగో ఉద్దేశం గురించి మనం రోజూ ఉదహరించే ఈ పెద్దమనిషే, అందమైన వెనిస్ పిల్ల నిజమైన నీగ్రోని ప్రేమించిందనుకోవడం వికృతమని రాసినట్టు ఆయన పేరుతో అచ్చయిన నోట్స్‌లో ఉంది. బ్రబాన్షియో వాదనే కదా ఇది! ఒథెల్లో రంగునే నమ్మలేకపోయిన పాఠకుడికి, ఇయాగో పగలో రంగు పాత్ర కనిపించకపోవడంలో ఆశ్చర్యమేముంది? అతని వాక్యం రాస్తే ఈ సంగతీ పక్కన రాయండి.

తొమ్మిదో మెట్టు: రాయడం

‘ఇయాగో ఒక వర్ణద్వేషి’ అని మొదలుపెట్టకండి. మూడు ముక్కలుగా రాయండి: ఎందుకు మొదలుపెట్టాడు, ఎందుకు ఆపలేదు, దేనితో సాధించాడు. ఒక్కో ముక్కకు ఒక్క రంగం చాలు, కానీ ఆ రంగంలోకి లోతుగా దిగండి. పేజీకి పది కొటేషన్ల కంటే, ‘ప్రకృతి దారి తప్పి’ అన్న అసంపూర్ణ వాక్యం మీద అరపేజీ రాస్తే దిద్దేవారికి మీరు నాటకం చదివారని తెలుస్తుంది.

చివరి మౌనాన్ని వదలకండి. నా ఆత్మనీ శరీరాన్నీ ఎందుకిలా ఉచ్చులో బిగించాడో ఆ సగం దెయ్యాన్ని అడగండని ఒథెల్లో వేడుకుంటాడు. ‘నన్నేమీ అడక్కండి, మీకు తెలిసిందేదో తెలుసు’ అని ఇయాగో నోరు మూసేసుకుంటాడు. నాటకమంతా కారణాలు చెబుతూనే ఉన్నవాడు, నిజంగా అడిగిన రోజున చెప్పడు. కాబట్టి మీ తీర్పులో ‘ఖచ్చితంగా’ అనే మాట వాడే చోటు జాగ్రత్త. ఆయుధం గురించి ఖచ్చితంగా రాయొచ్చు, మూలం గురించి ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే.

రాశాక వీలైతే రెండు ప్రదర్శనల గురించి చదవండి, రికార్డింగులు దొరికితే చూడండి. 1987లో జొహానెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో, వర్ణవివక్ష చట్టాలు నడుస్తుండగా, జాన్ కానీ ఒథెల్లోగా చేశాడు. అక్కడ రంగు తప్ప ఇంకేదీ కారణంగా కనిపించే వీల్లేదు. 2015లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఇయాగో వేషాన్ని లూషియన్ మ్సమాటీ అనే నల్లజాతి నటుడికి ఇచ్చింది. ఒథెల్లో వేసింది, ఇందాక చెప్పుకున్న ఆ క్వార్షీయే. ఇద్దరూ నల్లవాళ్లే అయినప్పుడు ‘ముసలి నల్ల పొట్టేలు’ అన్న తిట్టు ఇయాగో నోట ఎలా మోగుతుందో విని, మీరు రాసిన మూడో ముక్కను మళ్లీ ఒకసారి దిద్దుకోండి.